సెల్ఫ్ కొడితే అందుకోదేం?

పాత కారు మొరాయించగానే కొత్త బ్యాటరీ కొనేస్తాం. అది ఏ వేళలో, ఎలాంటి చప్పుడుతో మొరాయిస్తోందో గమనిస్తే ఆ ఖర్చు చాలాసార్లు తప్పుతుంది.

విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ ఆటోనగర్‌లోనో చెయ్యి తిరిగిన మెకానిక్ దగ్గరికెళ్లి ‘బండి స్టార్టవట్లేదన్నా’ అనండి. వెంటనే పానా తీయడు. ‘పొద్దున్నేనా, తిరిగొచ్చాకనా? సెల్ఫ్ తిరుగుతోందా? వాన పడ్డాకేనా?’ అని అడుగుతాడు. పనిలో కొత్తగా చేరిన కుర్రాడైతే ఈలోపు ప్లగ్గులు విప్పేసి ఉంటాడు. పెట్రోల్ ఇంజన్ అందుకోవడానికి పెద్ద జాబితా ఏమీ అక్కర్లేదు. తగినంత వేగంగా తిరగాలి, సరైన క్షణంలో నిప్పురవ్వ పడాలి, పెట్రోలూ గాలీ తగుపాళ్లలో అందాలి, సిలిండర్లో ఒత్తిడి నిలవాలి. వీటిలో ఏది తప్పిందో ఆ ప్రశ్నల జవాబుల్లోనే సగం తెలిసిపోతుంది. అడగకుండా సామాన్లు మార్చుకుంటూ పోతే బ్యాటరీ, ప్లగ్గులు, కాయిల్, కార్బొరేటర్ కిట్టు అన్నీ అయ్యాక జబ్బు తుప్పుపట్టిన ఎర్త్ తీగ దగ్గర బయటపడుతుంది.

ఇళ్ల ముందు కవరు కప్పుకుని ఉన్న పాత బళ్లు మనకు తక్కువేం కాదు. 1950ల చివర మొదలై 2014 మే దాకా బెంగాల్లోని ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్, ఫియట్ 1100డి నుంచి పుట్టిన ప్రీమియర్ పద్మిని, అన్నిటికన్నా ఎక్కువగా మారుతి 800. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరిలో ఆగిపోయిన ఈ 796 సీసీ బుల్లి కారు ఎన్ని మధ్యతరగతి ఇళ్లకు మొదటి కారో చెప్పక్కర్లేదు. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్లో 600 రూపాయల నుంచి ఒక్కసారిగా 5,000కు చేరింది. అయినా కట్టి ఉంచుకునేవాళ్లు ఉన్నారంటే ఆ బండి మీద మమకారమే. మమకారం ఉన్నవాళ్లకు సెల్ఫ్ చప్పుడు వినే ఓపిక కూడా ఉండాలి మరి.

తాళం తిప్పగానే

తాళం తిప్పితే ‘టకటకటక’మని వరసగా కొట్టుకుంటుంటే అనుమానం బ్యాటరీ మీదికో దాని టెర్మినళ్ల మీదికో పోవాలి. సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు సోలినాయిడ్. దాన్ని లాగడానికి కొద్దిపాటి కరెంటు చాలు. మోటారు తిరగడానికి మాత్రం చాలా కావాలి. మోటారుకు కరెంటు అందబోయేసరికి వోల్టేజి పడిపోయి సోలినాయిడ్ వదిలేస్తుంది. వదలగానే వోల్టేజి కోలుకుని మళ్లీ లాగుతుంది. ఆ లాగులాటే మనకు వినపడే టకటక. అలా కాకుండా ‘టక్’మని ఒక్కసారి కొట్టి ఊరుకుంటే సోలినాయిడ్ లోపలి కాంటాక్టులో, సెల్ఫ్ మోటార్ కార్బన్ బ్రష్‌లో అరిగి ఉంటాయి. అలాంటప్పుడు మోటారు ఒంటి మీద పానాతో మెల్లగా రెండు దెబ్బలు వేస్తే తిరగడం చూసే ఉంటారు. మంత్రమేమీ లేదు, అరిగిన బ్రష్ కదిలి కాసేపు ఆనుకుంటుంది. ఆ రోజుకు ఇల్లు చేరొచ్చు, అంతే. మర్నాడు బ్రష్‌లు వేయించుకోవాల్సిందే.

రెంటిలో ఏదో తేలకపోతే హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. లైట్లు పూర్తిగా గుడ్డివైపోతే బ్యాటరీ దగ్గరో, టెర్మినళ్ల దగ్గరో లోపం. లైట్లు ధగధగా అలాగే ఉండి మోటారు మాత్రం కదలకపోతే కరెంటు అక్కడిదాకా వెళ్లట్లేదు. మల్టీమీటర్ ఉంటే మరీ మంచిది. కొన్ని వందల రూపాయల్లో దొరికే ఈ పనిముట్టు పాత కారు ఉన్న ప్రతి ఇంట్లో ఉండాలని నా గట్టి అభిప్రాయం. రాత్రంతా ఆగిన బండిలో మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. 12.2 అంటే సగం ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి జారితే బ్యాటరీ అలిసిపోయినట్టే. ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య రాకపోతే తప్పు బ్యాటరీది కాదు, దానికి ఛార్జింగ్ అందడం లేదు. ఆ బండికి కొత్త బ్యాటరీ వేసినా కొన్నాళ్లకు అదే కథ.

టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని తక్కువగా చూడకండి. ముందు నల్ల తీగ విప్పి, తర్వాత ఎర్ర తీగ విప్పి, వేడినీళ్లలో తినే సోడా కలిపి బ్రష్‌తో రుద్దాలి. ఆ నీళ్లు సెల్స్‌లోకి పోకుండా మూతలు గట్టిగా ఉండాలి. బిగించేటప్పుడు ఎర్రది ముందు, నల్లది చివర. పైన కాస్త వాజెలిన్ రాస్తే చాలు. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే ఇంట్లో ఇన్వర్టర్‌కు పోసే డిస్టిల్డ్ వాటరే పోయాలి. బోరు నీళ్లు, ఫిల్టర్ నీళ్లు పోస్తే వాటిలోని లవణాలు పలకలను తినేస్తాయి.

ఇక ఎర్త్ తీగ. ఇంజన్ బాడీ మీద నేరుగా కూర్చోదు, రబ్బరు మౌంటింగ్‌ల మీద కూర్చుంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు కాబట్టి సెల్ఫ్ వాడుకున్న కరెంటు తిరిగి బ్యాటరీకి చేరడానికి ఇంజన్ నుంచి బాడీకి జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి ఉంటుంది. ముప్పై ఏళ్ల బండిలో ఆ పట్టీ నల్లబడి, బోల్టు కింద తుప్పుపట్టి ఉంటుంది. అప్పుడు కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. దొరికే దారి చోక్ కేబులో, యాక్సిలరేటర్ కేబులో. సెల్ఫ్ కొట్టగానే చోక్ నాబ్ వెచ్చబడినా, కేబుల్ దగ్గర కాలిన వాసన వచ్చినా మరో ఆలోచన లేకుండా ఎర్త్ పట్టీ చూడండి. మీటర్ ఉంటే ఒక కొన బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది ఇంజన్ ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటి చూపిస్తే దొంగ దొరికినట్టే. ఇనుము మెరిసేదాకా గీకి బిగిస్తే, అప్పటిదాకా మూలుగుతూ తిరిగిన మోటారు చురుగ్గా తిరుగుతుంది.

ఆ లోపు బండి కదలాలంటే తోయాల్సిందే. తాళం ఆన్‌లో పెట్టి, రెండో గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టి, నలుగురు తోసి వేగం అందుకున్నాక క్లచ్ వదలాలి. కాయిల్‌కు సరిపడా ప్రాణమైనా బ్యాటరీలో ఉంటేనే ఇది పనిచేస్తుంది. పక్క బండి నుంచి కరెంటు తీసుకుంటే ఎర్ర తీగ ఎర్రదానికి వెయ్యండి. నల్ల తీగ చివరి కొన మాత్రం చచ్చిన బ్యాటరీకి కాకుండా దానికి దూరంగా ఇంజన్ ఇనుముకు తగిలించాలి. బ్యాటరీ దగ్గర హైడ్రోజన్ పోగై ఉంటుంది, నిప్పురవ్వ అక్కడ రాలకూడదు. అంబాసిడర్‌కు ముందు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పే వసతి ఉండేది. పాత డ్రైవర్లు బొటనవేలిని పిడి చుట్టూ వేయకుండా మిగతా వేళ్ల వైపే ఉంచేవారు. ఇంజన్ వెనక్కి తన్నితే మణికట్టు విరిగేది మరి. 1912లో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెట్టరింగ్ చేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్ వచ్చాకే లోకానికి ఆ బాధ తప్పడం మొదలైంది. మన కార్బొరేటర్ బళ్లలో నిప్పు పుట్టించే పాయింట్లు, కాయిల్ ఏర్పాటు వెనక ఉన్నదీ ఆయనే.

పొద్దున్నే పేచీ

సెల్ఫ్ హుషారుగానే తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవట్లేదు. పొద్దున్నే వచ్చే పేచీల్లో ఎక్కువ ఇదే. ఇక్కడ తేల్చుకోవాల్సింది కరెంటు వస్తోందా, పెట్రోలు వస్తోందా అని.

కరెంటు చూడటం సులువు. ఒక ప్లగ్ విప్పి, దాని తీగకే తగిలించి, ప్లగ్ ఒంటిని ఇంజన్ ఇనుముకు ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. పట్టుకోవడానికి రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయర్ వాడండి. విప్పిన ప్లగ్ రంధ్రానికి దూరంగా పెట్టండి, అందులోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. నీలంగా, లావుగా, చటచటమంటూ రవ్వ దూకితే సరే. పసుపుపచ్చగా సన్నగా ఉంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీయాలి. రెండు క్లిప్పులు వదులు చేస్తే మూత వస్తుంది, రోటర్ పీకితే పాయింట్లు కనిపిస్తాయి. కంది గింజంత ఉండవవి. వాటిని విడదీసి టార్చి వేసి చూస్తే ఒకదాని మీద చిన్న గుంట, రెండోదాని మీద దానికి సరిపోయే బొడిపె కనిపిస్తాయి. వేల వేల రవ్వలు లోహాన్ని ఇటు తీసి అటు పెట్టిన గుర్తులవి. సన్నటి ఎమరీ కాగితంతో తుడిచి, పూర్తిగా విచ్చుకున్నప్పుడు మధ్య సందు ఫీలర్ గేజ్‌తో సెట్ చేయాలి. అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌కు ఇది దాదాపు 0.4 మిల్లీమీటర్లు. గేజ్ దొరకని రోజుల్లో పోస్టుకార్డు ముక్క దూర్చి చూసేవాళ్లు. పాయింట్లు పదే పదే నల్లగా కాలిపోతుంటే పాయింట్ల తప్పు కాదు, పక్కనున్న కండెన్సర్ పోయింది. చవక వస్తువు, ముందే ఒకటి కొని డ్యాష్‌బోర్డులో పడేసుకోండి.

మెకానిక్‌లు కూడా తికమకపడే లక్షణం ఒకటుంది. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఉలుకూపలుకూ ఉండదు, తాళం వదిలిన క్షణాన ఇంజన్ ఒక్కసారి ‘బుర్ర్’మంటుంది. అలా అయితే పెట్రోలూ ప్లగ్గులూ బాగానే ఉన్నాయి. తాళం స్టార్ట్ దగ్గర ఉన్నప్పుడు కాయిల్‌కు కరెంటు అందట్లేదు. ఇగ్నిషన్ స్విచ్చినో, దాని నుంచి కాయిల్‌కు పోయే తీగనో చూస్తే సరిపోతుంది. ఇది తెలియక కార్బొరేటర్ విప్పించుకున్నవాళ్లు ఎందరో.

కరెంటు బాగుంటే పెట్రోలు సంగతి. చల్లటి ఇంజన్లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు, అందుకే చోక్ లాగి గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచుతాం. కోస్తాలో నూటికి తొంభై రోజులు సగం చోక్ చాలు. లంబసింగి, ఆదిలాబాద్ వైపు చలికాలంలో పూర్తిగా లాగాల్సిందే. మనవాళ్లు చేసే పొరపాటు ఏమిటంటే చోక్ లాగి, దాంతోపాటు యాక్సిలరేటర్ కూడా దడదడా తొక్కుతారు. తొక్కిన ప్రతిసారీ కార్బొరేటర్ లోపలి చిన్న పంపు పెట్రోలు చిమ్ముతుంది. ప్లగ్గులు నానిపోతాయి. తడిసిన పిడకకు ఎంత నిప్పు పెట్టినా రాజుకోదు కదా! పెట్రోలు వాసన గుప్పుమంటే చోక్ పూర్తిగా లోపలికి నెట్టి, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి అలాగే పట్టి ఉంచండి. అస్సలు పంపు చేయొద్దు. పది సెకన్లు మించకుండా సెల్ఫ్ కొట్టండి, అరనిమిషం ఆగండి, మళ్లీ కొట్టండి. గాలి బాగా వెళ్లి ప్లగ్గులు ఆరతాయి. ఆగకుండా కొడితే బ్యాటరీతోపాటు సెల్ఫ్ మోటారూ పోతుంది.

విప్పిన ప్లగ్గును పారేయకుండా ఒకసారి చూడండి. లేత ఇటుక రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. పొడిమసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. జిడ్డుగా ఇంజన్ ఆయిల్ కనిపిస్తే కథ లోతుగానే ఉంది, దాని సంగతి చివర చెబుతాను.

మధ్యాహ్నం ఎండలో

పొద్దున బంగారంలా స్టార్టయిన బండి, మే నెల మధ్యాహ్నం హైవే పక్కన టీకి ఆపితే మళ్లీ కదలదు. ఇంజన్ ఆపగానే ఫ్యానూ నీళ్ల పంపూ ఆగిపోతాయి, బానెట్ కింద వేడి తగ్గడానికి బదులు కాసేపు పెరుగుతుంది. గొట్టంలో పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. ద్రవాన్ని తోడటానికి చేసిన పంపు ఆవిరిని తోడలేదు. కార్బొరేటర్లో మిగిలిన పెట్రోలు కూడా మరిగి ఇంజన్లోకి పొంగుతుంది. అంటే గొట్టంలో కరువు, సిలిండర్లో వరద. వెనకటి అంబాసిడర్ డ్రైవర్లు తడిగుడ్డ పంపు మీద చుట్టి, బానెట్ ఎత్తి, టీ తాగే లోపు బండిని దారికి తెచ్చేవాళ్లు. ఆ తడిగుడ్డ చిట్కాను ఈనాటికీ మించింది లేదు. తర్వాత యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టాలి. రోజూ ఇదే వరసైతే పెట్రోలు గొట్టం సైలెన్సర్ మానిఫోల్డ్‌కు తగులుతోందేమో చూసి పక్కకు జరపాలి.

ఎండలో సెల్ఫ్ కూడా బరువుగా తిరుగుతుంటే అది వేరే విషయం. వేడికి సెల్ఫ్ మోటార్ లోపలి అరిగిన బుష్‌లు, నీరసించిన తీగలు బయటపడుతున్నాయి. వేడెక్కాక మాత్రమే కరెంటు పోయి, చల్లారితే తిరిగి వస్తోందంటే కాయిల్‌నో కండెన్సర్‌నో అనుమానించాలి.

ఇప్పుడు ఇథనాల్ గొడవ. 2025 నాటికి మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే మామూలైపోయింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా దాదాపు మూడో వంతు తక్కువ. ఇంజన్‌కు కాస్త ఎక్కువ ఇంధనం అందాలి. కొత్త బళ్లలో ఆక్సిజన్ సెన్సర్ చూసి కంప్యూటర్ సర్దుతుంది. కార్బొరేటర్ జెట్‌కు ఉన్నది ఒకే కొలత రంధ్రం, అది సర్దలేదు. మిశ్రమం పలచనవుతుంది, పొద్దున చోక్ అవసరం పెరుగుతుంది. పైగా పాత రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రమ్, నీడిల్ వాల్వ్ మీది రబ్బరు ఇథనాల్‌కు ఉబ్బిపోవడమో చిట్లడమో జరుగుతుంది. పాత బళ్లలో కొన్ని రబ్బరు భాగాలు 20 నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక మార్చాల్సి రావచ్చని కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. దీన్ని చూసి బండి అమ్మేయక్కర్లేదు. ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయించండి, కార్బొరేటర్ ట్యూనింగ్ ఒకసారి చూపించండి. ఇరవై ఏళ్లనాటి గొట్టం ఇథనాల్ లేకపోయినా చిట్లేదే. చిట్లిన గొట్టం కింద వేడి మానిఫోల్డ్ ఉంటుందని మాత్రం మరవొద్దు.

వానాకాలం, నెల్లాళ్ల సెలవు

వాన పడ్డ మర్నాడే మొరాయించే బండికి డిస్ట్రిబ్యూటర్ మూత, ప్లగ్ తీగలు తప్ప వేరే వెతకొద్దు. వేల వోల్టుల కరెంటుకు తేమ పొర చాలు, ప్లగ్గుదాకా పోకుండా అడ్డదారిన ఇనుములోకి దిగిపోతుంది. మూత తీసి లోపలా బయటా పొడిగుడ్డతో తుడవండి. లోపల పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత కనిపిస్తే అది పగులు, కరెంటు కాల్చిన దారి. తుడిస్తే పోదు, మూత మార్చాలి. చీకట్లో ఇంజన్ నడుస్తుండగా బానెట్ ఎత్తి, చెయ్యి పెట్టకుండా చూస్తే పాడైన తీగల వెంట నీలం మెరుపులు కనిపిస్తాయి. ఈ కాలంలో ఎలుకలూ బానెట్ కిందికి చేరతాయి. ప్లగ్ తీగ పాడైందని మార్చేముందు పంటిగాట్లు ఉన్నాయేమో చూడండి.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి నెలలు గడిపి వచ్చే తల్లిదండ్రుల కార్లది మరో గోల. కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు ఆవిరైపోయి ఉంటుంది, అది నిండేదాకా సెల్ఫ్ ఎక్కువసేపు తిప్పాలి. పంపుకు చేతి మీట ఉన్న బళ్లలో ముందే దాన్ని నాలుగైదుసార్లు ఆడిస్తే బ్యాటరీకి శ్రమ తగ్గుతుంది. బ్యాటరీ ఊరికే ఖాళీ అవుతోందంటే ఏదో కరెంటు తాగుతోంది. డిక్కీ లైటో, తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమో అయి ఉంటుంది. అన్నీ ఆపి, నెగటివ్ తీగకూ బ్యాటరీకీ మధ్య మీటర్ పెడితే 50 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు. ఆ 50 అయినా రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు. 35 ఏహెచ్ చిన్న బ్యాటరీని నెల తిరిగేసరికి ఊడ్చేస్తుంది. అందుకే ఊరెళ్లేవాళ్లు నల్ల తీగ విప్పి వెళ్లడం మేలు. మీటర్ 50 కన్నా ఎక్కువ చూపిస్తే ఒక్కో ఫ్యూజు తీస్తూ పోండి. ఏది తీస్తే అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లోనే ఉంటాడు.

ఎంపీఎఫ్ఐ కూడా పాతబడింది

2000 ప్రాంతంలో కార్బొరేటర్లు పోయి, కంప్యూటర్ చెప్పినట్టు పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చినప్పుడు కొత్త అనుకున్నాం. ఆ బళ్లకూ ఇప్పుడు పాతికేళ్లు. వీటిలో చెవి పెట్టాల్సింది వెనక సీటు కింద. తాళం ఆన్ చేయగానే రెండు సెకన్లు సన్నగా ‘జుయ్’మని పెట్రోలు పంపు శబ్దం రావాలి. రాకపోతే ముందు ఫ్యూజు, రిలే. వస్తోంది కానీ పొద్దున్నే చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తోందంటే తాళాన్ని రెండు మూడుసార్లు ఆన్, ఆఫ్ చేసి అప్పుడు కొట్టి చూడండి. వెంటనే అందుకుంటే రాత్రిపూట పెట్రోలు ఒత్తిడి వెనక్కి జారిపోతోందని అర్థం. తాళం గుర్తుతో లైటు మిణుకుతుంటే ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని గుర్తుపట్టట్లేదు, ఇంకో తాళంతో ప్రయత్నించాలి. చల్లటి ఇంజన్ మాత్రమే మొండికేస్తుంటే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ను పరీక్షించమనండి. ఇంజన్ వేడిగా ఉందని అది కంప్యూటర్‌కు అబద్ధం చెబితే చల్లటి ఇంజన్‌కు కావాల్సిన అదనపు పెట్రోలు అందదు. ప్లగ్ తీగ పీకి గాల్లో వదిలి సెల్ఫ్ కొట్టే పాత అలవాటు వీటి మీద అస్సలు వద్దు, ఎలక్ట్రానిక్స్ కాలిపోతాయి.

‘ఇంజన్ దింపాలి సార్’

కరెంటుంది, పెట్రోలుంది, సెల్ఫ్ బాగా తిరుగుతోంది. అయినా అందుకోదు. సెల్ఫ్ ఎప్పటికన్నా తేలిగ్గా, ఎక్కడా పట్టు లేకుండా సాఫీగా తిరుగుతుంటే టైమింగ్ బెల్టు ఉన్న బళ్లలో బెల్టు తెగిందేమో చూడాలి. మళ్లీ మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. బెల్టు బాగానే ఉంటే షెడ్డులో వినపడే మాట ‘ఇంజన్ దింపాలి సార్’. ఆ మాటకు తలూపేముందు కంప్రెషన్ గేజ్ పెట్టించండి. గంట పని కూడా కాదు. ప్లగ్గులన్నీ విప్పి, కాయిల్ కరెంటు తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి ఒక్కో సిలిండర్ అంకె రాసుకోవాలి. అంకెల మధ్య పదిహేను శాతానికి మించి తేడా ఉంటే, తక్కువ వచ్చిన సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగులో, బోరో అరిగాయి. జిడ్డు ప్లగ్గు చెప్పింది ఇదే. అప్పుడు ఇంజన్ పని తప్పదు. పెరగకపోతే లోపం వాల్వుల దగ్గర ఉంది, చాలాసార్లు టాపెట్ సెట్టింగ్‌తోనే తేలిపోతుంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లలో అంకె ఒకేలా పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయింది. దానికి హెడ్ విప్పితే చాలు, ఇంజన్ దింపక్కర్లేదు.